తరగతి తలుపులు తెరిచేముందు: విశ్వవిద్యాలయ పాఠాలను అందరికీ ఇవ్వడం గురించి

మీ విశ్వవిద్యాలయంలోని పాఠాలను బయటివారు ఎవరైనా ఉచితంగా చదువుకునేలా, వినేలా పెట్టాలా వద్దా అన్నది తేల్చడానికి ఒక సంఘం వేశారని, అందులో సభ్యులైన మీకు సహాధ్యాపకుల నుంచి మూడు అభ్యంతరాలు వస్తున్నాయని రాశారు. ఫీజు కట్టి చదివే విద్యార్థికి ఇది అన్యాయమన్నది ఒకటి. పాఠం ఇంట్లోనే దొరికితే తరగతికి ఎవరూ రారన్నది రెండోది. అధ్యాపకుల శ్రమను సంస్థ ఊరికే పంచిపెట్టి, చివరికి వారి ఉద్యోగాలకే ఎసరు పెడుతుందన్నది మూడోది. మొదలుపెట్టేటట్లయితే ఏ కోర్సుతో మొదలుపెట్టాలని కూడా అడిగారు. నేను ముప్పై ఏళ్లకు పైగా గణితం బోధించాను. అందులో సగానికి పైగా కాలం నా కోర్సుల నోట్సు, లెక్కలు, ప్రశ్నపత్రాలు ఎవరికైనా అందేలా బయట ఉంచాను. ఆ అనుభవం మీద చెబుతున్నాను: ఇవ్వాలి. అయితే మీ సంఘం అనుకుంటున్నట్టు వీడియోలతో మొదలుపెట్టడం సరికాదని, ఏం ఇస్తున్నామన్న దానితో సమానంగా ఏ షరతుల మీద ఇస్తున్నామన్నదీ ముఖ్యమని నా నమ్మకం.

‘బోధన’ అన్న ఒక్క మాట కింద విశ్వవిద్యాలయం నాలుగు పనులు చేస్తుంది. పాఠ్యసామగ్రిని తయారుచేస్తుంది, విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడో కనిపెట్టి సరిదిద్దుతుంది, నేర్చుకున్నాడో లేదో పరీక్షిస్తుంది, నేర్చుకున్నాడని పట్టా రూపంలో లోకానికి హామీ ఇస్తుంది. వీటిలో మొదటిది మాత్రమే ఒకరికి ఇచ్చినా పదివేల మందికి ఇచ్చినా తరగదు. విద్య పంచేకొద్దీ పెరుగుతుందని చిన్నప్పటి నుంచీ మనం వింటున్న మాట జ్ఞానం విషయంలో నిజమే గానీ, గురువు సమయం విషయంలో నిజం కాదు. నలభై మంది జవాబుపత్రాలను శ్రద్ధగా దిద్దగలిగిన మనిషి నాలుగువేల మందివి అదే శ్రద్ధతో దిద్దలేడు. ఈ తేడాను ముందే చెప్పుకోకపోతే మీ సంఘంలో ఒకరు పాఠ్యసామగ్రి గురించి, మరొకరు పట్టా గురించి మాట్లాడుతూ, ఇద్దరూ ఒకే విషయం మీద వాదించుకుంటున్నామని అనుకుంటారు.

ఈ తేడాను పెద్ద ఎత్తున ఆచరణలో పెట్టి చూపిన సంస్థ అమెరికాలోని ఎంఐటీ (మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ). 2000 ప్రాంతంలో చాలా విశ్వవిద్యాలయాలు ఇంటర్నెట్‌ను కొత్త రాబడి మార్గంగా చూశాయి. కొలంబియా విశ్వవిద్యాలయం పాఠాలను అమ్మడానికి ఫాథమ్ అనే వ్యాపార సంస్థను పెట్టి, లాభం రాక 2003లో మూసేసింది. ఎంఐటీ అధ్యాపకుల సంఘం అదే ప్రశ్నను పరిశీలించి, అమ్మడం కన్నా ఇచ్చివేయడమే మేలన్న నిర్ణయానికి వచ్చింది. 2001 ఏప్రిల్‌లో అప్పటి అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్, కోర్సుల సామగ్రిని ఉచితంగా అందించే సైటుగా ఓపెన్ కోర్స్‌వేర్‌ను ప్రకటించారు. 2002లో 50 కోర్సులతో ప్రయోగాత్మకంగా మొదలైన ఆ సైటు 2007 చివరికి దాదాపు 1,800 కోర్సులకు చేరింది. అక్కడ పట్టా ఉండదని, క్రెడిట్లు ఉండవని, ఆచార్యులతో సంప్రదింపులు ఉండవని ఆ సైటే స్పష్టంగా చెబుతుంది. అంటే, తరగని ఆ ఒక్కదాన్ని లోకానికి ఇచ్చేసి, మిగిలిన మూడింటినీ తన విద్యార్థుల కోసం ఉంచుకుంది. పాఠాలన్నీ బయట దొరుకుతున్నా అక్కడ సీటు కోసం పోటీ ఈ ఇరవై ఏళ్లలో పెరిగిందే తప్ప తగ్గలేదు. 2003లో ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల పథకం ఎన్‌పీటెల్ కూడా ఇదే దారిలో మరో అడుగు వేసింది: పాఠాలు అందరికీ ఉచితం, పర్యవేక్షణలో రాసే పరీక్షకు, ధ్రువపత్రానికి మాత్రం రుసుము ఉంటుంది. ఇంటర్నెట్‌తో పుట్టిన ఆలోచన అని కూడా అనుకోనక్కర్లేదు. 1530లో పారిస్‌లో వెలసిన కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఈనాటికీ ఎవరైనా పేరు నమోదు చేసుకోకుండా, డబ్బు కట్టకుండా వెళ్లి ఉపన్యాసం వినవచ్చు; అది పట్టాలు ఇవ్వదు.

మొదటి అభ్యంతరానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. విద్యార్థి కట్టే ఫీజు కేవలం సమాచారానికే అయితే, మంచి గ్రంథాలయం ఉన్న ప్రతిచోటా విశ్వవిద్యాలయం ఎప్పుడో మూతబడి ఉండాలి. అతడు కడుతున్నది తనను పేరుతో గుర్తుపట్టే అధ్యాపకుడికి, తన తప్పును తనకు చూపించే దిద్దుబాటుకు, ప్రయోగశాలకు, తోటివారి సాంగత్యానికి, చివరికి నమ్మదగిన పరీక్షకు. బయటి మనిషి నా నోట్సు చదివినంత మాత్రాన వీటిలో ఏదీ నా విద్యార్థికి తగ్గదు. ప్రజల పన్నుల మీద నడిచే విశ్వవిద్యాలయమైతే, ఆ నోట్సుకు బయటి మనిషి కూడా ఇప్పటికే కొంత చెల్లించాడని మరిచిపోకూడదు. ఒకవేళ మీ విద్యార్థులు నిజంగానే పాఠ్యసామగ్రి తప్ప మరేమీ పొందడం లేదంటే, ఆ లోపం తలుపులు తెరవకముందు నుంచే అక్కడుంది. తలుపులు తెరిస్తే అది బయటపడుతుంది. దానికి నేను భయపడను, మీరూ భయపడకండి.

సామగ్రి ఒక్కటే సరిపోదనడానికి గట్టి సాక్ష్యం పెద్ద ఆన్‌లైన్ కోర్సుల చరిత్రలోనే ఉంది. 2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్‌తో కలిసి కృత్రిమ మేధ మీద ఉచిత కోర్సు ప్రకటిస్తే దాదాపు 1,60,000 మంది చేరారు. చివరిదాకా నిలిచినవారు సుమారు 20,000 మందికి పైగా ఉన్నారు. 2012లో ఎంఐటీ మొదటి ఆన్‌లైన్ కోర్సు, ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల మీద పెట్టినది, సుమారు 1,55,000 మందిని ఆకర్షించింది. ఉత్తీర్ణులైనవారు 7,157 మంది. తర్వాతి ఏళ్లలో ఈ నిష్పత్తి ఇంకా పడిపోయింది. వీటిని చూపించి ‘ఉచిత పాఠాలు విఫలమయ్యాయి’ అని మీ సంఘంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నేను ఒప్పుకోను. గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్నవారిలో ఎందరు చివరి పేజీ దాకా చదివారని లెక్కపెట్టి మనం గ్రంథాలయాన్ని మూసేయం. ఒక్క అధ్యాయం కోసం, ఒక్క నిరూపణ కోసం వచ్చి వెళ్లేవాళ్లు ఉంటారు, వాళ్ల అవసరమూ అవసరమే. పైగా 7,157 మంది అంటే, ఏడాదికి 200 మందికి పాఠం చెప్పే అధ్యాపకుడికి దాదాపు 36 ఏళ్ల పని. అదే సమయంలో, ఆ లక్షా నలభైవేల పైచిలుకు మందిలో నిజంగా నేర్చుకోవాలని వచ్చి, ఒకచోట చిక్కుకుపోయి, అడగడానికి మనిషి లేక వెళ్లిపోయినవాళ్లు కూడా ఉంటారు. పాఠాలు బయట పెట్టేశాం కాబట్టి విద్యను ప్రజలకు అందించేశామని ఏ విశ్వవిద్యాలయమైనా చెప్పుకుంటే, వాళ్లను లెక్కలోంచి తీసేసినట్టే.

తరగతికి ఎవరూ రారన్న రెండో భయం విషయంలో ఒక చిన్న చిక్కుముడి విప్పాలి. హాజరును ప్రభావితం చేసేది మీ సొంత విద్యార్థులకు రికార్డింగులు ఇవ్వడం. దానికీ, బయటి ప్రపంచానికి ఇవ్వడానికీ సంబంధం లేదు. చాలా విశ్వవిద్యాలయాలు మొదటి పని ఎప్పుడో చేసేశాయి. నా తరగతిలో నోట్సు బయట పెట్టిన మొదటి ఏడాది ముందు వరుసలు తప్ప మిగతావి పలచబడిన మాట నిజం. నేను బోర్డు మీద రాస్తున్నది నోట్సులో ఉన్నదే అయినప్పుడు వాళ్లు రాకపోవడం సహేతుకమేనని ఒప్పుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆ తర్వాత నిరూపణలను ముందే చదువుకుని రమ్మని, తరగతిలో లెక్కలు చేయించడం, ఒకరి పరిష్కారాన్ని మరొకరి చేత పరీక్షింపజేయడం మొదలుపెట్టాను. వరుసలు మళ్లీ నిండాయి.

నన్ను నిజంగా కలవరపెట్టే ప్రమాదం మీరు రాసిన మూడింటిలో లేదు. అది తరగతిలోని మాటను ప్రజల ముందు పెట్టడం వల్ల వచ్చేది. తరగతి అంటే తప్పుగా మాట్లాడే స్వేచ్ఛ ఉన్న చోటు. పద్దెనిమిదేళ్ల పిల్ల చేయెత్తి అమాయకమైన ప్రశ్న అడుగుతుంది. అధ్యాపకుడు ఒక వాదాన్ని పరీక్షించడానికి తాను నమ్మని పక్షాన నిలబడి మాట్లాడతాడు. చరిత్ర, మతం, రాజకీయం బోధించేచోట ఇది ప్రతిరోజూ జరుగుతుంది, జరగాలి. కెమెరా ఎదురుగా ఉందని, రేపు ఆ రెండు నిమిషాల ముక్కను ఎవరో కత్తిరించి ఊరంతా తిప్పవచ్చని తెలిస్తే, ముందు విద్యార్థులు నోరు మూసుకుంటారు, ఆ తర్వాత అధ్యాపకులు. అలా పోయిన చర్చను ఏ ఉచిత పాఠమూ పూడ్చలేదు. కాబట్టి చర్చ ప్రధానంగా సాగే తరగతులను రికార్డు చేయకూడదని మీ నివేదికలో స్పష్టంగా రాయండి. ఉపన్యాసాలు రికార్డు చేసినా మైకు అధ్యాపకుడి దగ్గరే ఉండాలి, విద్యార్థుల ముఖాలూ గొంతులూ పడకూడదు. వీలైతే ఖాళీ గదిలో విడిగా చెప్పి రికార్డు చేయడం ఇంకా మేలు. రోగుల వివరాలు వచ్చే వైద్య తరగతుల సంగతి చెప్పనక్కర్లేదు.

ఉద్యోగాల గురించిన మూడో అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. 2013లో హార్వర్డ్ ఆచార్యుడు మైకేల్ శాండెల్ చెప్పిన ‘న్యాయం’ అనే తత్వశాస్త్ర ఆన్‌లైన్ కోర్సును తమ విభాగంలో వాడుకోవాలని సూచించినప్పుడు, సాన్ హొసే స్టేట్ విశ్వవిద్యాలయంలోని తత్వశాస్త్ర అధ్యాపకులు నిరాకరిస్తూ ఆయనకే బహిరంగ లేఖ రాశారు. సంపన్న విశ్వవిద్యాలయాల్లోని పిల్లలకు ఎదురుగా కూర్చునే ఆచార్యుడు, మిగిలినవారికి ఆయన వీడియో అన్న రెండంచెల వ్యవస్థ వస్తుందన్నది వాళ్ల ఆందోళన. అదే ఏడాది ప్రిన్స్‌టన్‌లో సామాజిక శాస్త్రం చెప్పే మిచెల్ డునియర్, ఎంతో ఆదరణ పొందిన తన ఉచిత కోర్సును ఆపేశారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు నిధులు తగ్గించడానికి దాన్ని సాకుగా వాడుకుంటారన్నది ఆయన భయం. 2021లో కెనడాలోని కాంకార్డియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి తన ఆన్‌లైన్ కోర్సు ఆచార్యుడికి ప్రశ్న పంపుదామని వివరాలు వెతికితే, ఆయన 2019లోనే కన్నుమూశారని తెలిసింది. ఆ విద్యార్థి ఫీజు కట్టి చదువుతున్నాడు. పాఠం ఉచితమా కాదా అన్నది అక్కడ సమస్యే కాదు. మనిషి ఉండాల్సిన చోట రికార్డింగును పెట్టి సరిపెట్టుకోవడం సమస్య.

అందుకే అధ్యాపకుడికీ సంస్థకూ మధ్య రాతపూర్వక ఒప్పందం లేకుండా ఒక్క పేజీ కూడా బయట పెట్టవద్దని నా సలహా. పాల్గొనడం స్వచ్ఛందంగా ఉండాలి. ఎంఐటీలోనూ అలాగే నడిచింది. సామగ్రి మీద హక్కు అధ్యాపకుడిది, ప్రచురించే అనుమతి మాత్రమే సంస్థది. ఆ రికార్డింగులను చూపి ఒక పోస్టును ఖాళీగా ఉంచకూడదు, మరొక అధ్యాపకుడి బోధన గంటలను తగ్గించకూడదు. సామగ్రిని శుభ్రం చేయడానికి పట్టే కాలాన్ని పనిగంటల్లో లెక్కించాలి, పదోన్నతిలో పరిగణించాలి. కొన్ని సంవత్సరాలకు ఒకసారి పాతబడిన పాఠాన్ని మార్చే హక్కు ఉండాలి. ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామంది సంతకం పెట్టాక తెలుసుకుంటారు: క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఇతరులు వాడుకోవచ్చని ముందే ఇచ్చే బహిరంగ అనుమతి) కింద ఒకసారి విడుదల చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. మీ సైటు నుంచి తీసేయవచ్చు గానీ, అప్పటికే కాపీ చేసుకున్నవారి హక్కు పోదు. ఇది అధ్యాపకులకు ముందే చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది.

ఇంత చిక్కు ఉన్నా నేను ఆ లైసెన్సులనే సమర్థిస్తాను. ఎందుకంటే ఉచితంగా చూడనివ్వడం వేరు, స్వేచ్ఛగా వాడుకోనివ్వడం వేరు. వీడియో ఒక కంపెనీ సైటులో ఉండి, చూడటానికి డబ్బు అడగకపోతే అది ఉచితమే. కానీ ఆ కంపెనీ మనసు మార్చుకున్న రోజు అది మాయమవుతుంది. 2016లో ఆన్‌లైన్ కోర్సుల కంపెనీ కోర్సెరా తన పాత వేదికను మూసేసినప్పుడు అందులోని వందల కోర్సులు అందుబాటులో లేకుండా పోయాయి. హార్వర్డ్, ఎంఐటీ కలిసి 2012లో లాభాపేక్ష లేని ఆన్‌లైన్ కోర్సుల సంస్థగా స్థాపించిన ఎడెక్స్‌ను 2021లో 80 కోట్ల డాలర్లకు టూయూ అనే వ్యాపార సంస్థకు అమ్మేశారు. ఆపిల్ సంస్థ, విశ్వవిద్యాలయ పాఠాలను అందించే తన ఐట్యూన్స్‌ యూ సేవను కూడా అదే ఏడాది చివర్లో ఆపేసింది. ఇవన్నీ చూశాక నేను పట్టుబట్టేది ఒక్కటే: మూల ప్రతి మీ విశ్వవిద్యాలయం సొంత సైటులో, ఎవరైనా దించుకుని ఇంటర్నెట్ లేని చోటుకు కూడా తీసుకెళ్లగలిగే రూపంలో ఉండాలి. మిగతా వేదికల మీద కాపీలు ఎన్నయినా పెట్టుకోవచ్చు.

లైసెన్సు ఎంచుకునేటప్పుడు ‘మార్పులు చేయరాదు’ అన్న షరతు పెట్టాలని కొందరు గట్టిగా కోరుతారు. తమ మాటను ఎవరో వక్రీకరిస్తారన్న జంకు అది. ఆ జంకు నాకు అర్థమవుతుంది. కానీ ఆ షరతు పెడితే అనువాదం కూడా ఆగిపోతుంది. ఉన్నత విద్య పాఠాలు కొద్ది భాషల్లోనే సమృద్ధిగా ఉన్న లోకంలో, ఒక అధ్యాపకుడు మీ నోట్సును తన విద్యార్థుల భాషలోకి మార్చి, ఉదాహరణలు వాళ్లకు తగినట్టు సవరించి చెప్పుకోలేకపోతే, మీరు ఇచ్చినదానిలో సగం విలువ పోయినట్టే. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు ఆమోదించిన సిఫారసు కూడా స్వేచ్ఛా విద్యా వనరుల నిర్వచనంలో తిరిగి వాడుకునే హక్కుతో పాటు మార్చుకునే హక్కును చేర్చింది.

ఖర్చు విషయానికి వస్తే, ఎంఐటీ తన పథకం ప్రకటించినప్పుడు పదేళ్లకు 10 కోట్ల డాలర్ల దాకా కావచ్చని అంచనా వేసింది. హ్యూలెట్, మెలన్ ఫౌండేషన్లు అండగా నిలిచాయి. మీకు అంత అక్కర్లేదు. కానీ తర్వాత చేద్దామని వాయిదా వేసే ఒక ఖర్చు తర్వాత ఎంత బరువవుతుందో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం ఉదంతం చెబుతుంది. ఆ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి ఉపన్యాసాలను ఉచితంగా పెట్టింది. వాటిలో చాలావాటికి సరైన శీర్షికలు (మాటలను తెర మీద అక్షరాల్లో చూపే క్యాప్షన్లు) లేక వినికిడి లోపం ఉన్నవారికి అందడం లేదని ఫిర్యాదు రాగా, 2016లో అమెరికా న్యాయశాఖ అది చట్టవిరుద్ధమని తేల్చింది. పాతవాటన్నిటికీ శీర్షికలు వేయించే ఖర్చు భరించలేమంటూ 2017లో ఆ విశ్వవిద్యాలయం 20,000కు పైగా రికార్డింగులను ప్రజలకు అందకుండా చేసింది. దీన్ని చెప్పి ఫిర్యాదు చేసినవారిని నిందించేవారిని చూశాను, అది తప్పు. ‘అందరికీ’ అని పేరు పెట్టి కొందరికి అందకుండా కట్టిన మెట్లు అవి. మొదటి రోజు నుంచీ ప్రతి వీడియోతో పాటు దిద్దిన పాఠం అక్షరాల్లో ఉంటే ఆ పరిస్థితి రాదు. యంత్రం వేసిన శీర్షికలను దిద్దకుండా వదిలేయవద్దు. గణితంలో ఒక గుర్తు తప్పితే వాక్యమంతా తలకిందులవుతుంది.

ఇవన్నీ ఆలోచించే, వీడియోలతో మొదలుపెట్టవద్దని పైన అన్నాను. మంచి ఉపన్యాసం విలువ నాకు తెలియక కాదు. 1999లో సాధారణ తరగతి గదిలో, సుద్దముక్కతో బోర్డు మీద రాస్తూ గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా పాఠాలను ఈనాటికీ లోకమంతా చూస్తోంది. కానీ ఒక కోర్సుకు ప్రాణం అందులోని లెక్కల్లో, ప్రశ్నల్లో ఉంటుంది. ఏ క్రమంలో ఏ ప్రశ్న అడిగితే విద్యార్థి తనంతట తాను ఆ భావన దగ్గరకు చేరతాడన్నది ఏళ్ల తరబడి తరగతిలో తప్పులు చేసి నేర్చుకునే విద్య. అది పాఠ్యపుస్తకాల్లో అరుదుగా దొరుకుతుంది. అసైన్‌మెంట్లు, పాత ప్రశ్నపత్రాలు, వాటికి పూర్తి పరిష్కారాలు ముందు ఇవ్వండి. ‘పరిష్కారాలు బయట పెడితే మళ్లీ ఏం అడుగుతాం’ అని మీవాళ్లు అంటారు. అవి ఇప్పటికే సీనియర్ల ద్వారా చేతులు మారుతూనే ఉన్నాయి, పరిచయాలు ఉన్న పిల్లలకు దొరుకుతున్నాయి, లేనివాళ్లకు దొరకడం లేదు. బయట పెట్టడంతో ఆ తేడా ఒక్కటే పోతుంది. ఏటా కొత్త ప్రశ్నలు తయారుచేసుకోవాల్సి రావడం శ్రమే, దాన్ని కాదనను. ఆ శ్రమను పనిగంటల్లో లెక్కించమని అందుకే చెప్పాను.

అలా ఇచ్చిన సామగ్రిని అందరికన్నా బాగా వాడుకునేది ఒంటరిగా చదువుకునే మనిషి కాదని కూడా నా అనుభవం. ఎక్కడో చిన్న కళాశాలలో, సలహా అడగడానికి మరో గణిత అధ్యాపకుడు లేని చోట, ఆ ఏడాదే కొత్త కోర్సు నెత్తిన పడిన యువ అధ్యాపకుడు దాన్ని ఆబగా అందుకుంటాడు. అతడి ద్వారా అది వందలమందికి, అదీ ప్రశ్న అడిగితే జవాబిచ్చే మనిషి ఎదుట ఉండగా చేరుతుంది. అలాంటి ఒకాయన ఒకసారి నాకు ఉత్తరం రాశారు. అనంత శ్రేణుల మీద నా నోట్సులోని ఒక నిరూపణలో, రెండు అవధుల క్రమాన్ని కారణం చూపకుండా మార్చేశానని, అది అన్ని సందర్భాల్లోనూ చెల్లదని, చెల్లని ఉదాహరణతో సహా పంపించారు. ఆ పేజీ నాలుగేళ్లుగా అక్కడే ఉంది. నా సొంత విద్యార్థులు నాలుగు బృందాలు దాన్ని చదివి, పరీక్ష రాసి వెళ్లిపోయారు. తలుపు మూసి ఉంటే ఐదో బృందం కూడా ఆ తప్పునే నేర్చుకునేది. తలుపులు తెరవాలన్న నా వాదనకు దయ, దాతృత్వం అవసరం లేదని నేను అనుకునేది ఈ ఉత్తరం వల్లే: బయటివారు చూసే పాఠం లోపలివారికి కూడా మెరుగవుతుంది.

ఇక ఏ కోర్సుతో మొదలుపెట్టాలన్న మీ చివరి ప్రశ్న. పేరున్న ఆచార్యుడి ప్రత్యేక కోర్సుతో వద్దు. ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు మార్చి మార్చి చెప్పే, ఎక్కువమంది తీసుకునే మొదటి సంవత్సరం కోర్సును ఎంచుకోండి. దాని లెక్కలు అప్పటికే పలు చేతుల్లో పరీక్షకు నిలిచి ఉంటాయి, బయట అవసరం కూడా దానికే ఎక్కువ. ఇతరుల పుస్తకాల నుంచి తీసుకున్న బొమ్మలనూ పట్టికలనూ తీసేసి సొంతవి గీయించండి, అనుకున్నదాని కన్నా ఎక్కువ కాలం పట్టేది దానికే. ఏడాది తర్వాత ఎంతమంది చూశారన్న అంకెతో పాటు, ఎందరు అధ్యాపకులు తమ తరగతిలో వాడుకున్నామని రాశారో, ఎన్ని సవరణలు వచ్చాయో మీ సంఘం ముందు పెట్టండి. ప్రతి పేజీ కింద తప్పులు తెలియజేయడానికి ఒక చిరునామా ఉండాలి, వచ్చినవి చదివి నెలలోపు జవాబిచ్చే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించాలి.